భుజానికి ఆనించి వాయించే బరోక్ (17-18 శతాబ్దాల యూరప్ సంగీత కాలం) చెల్లో చేస్తున్నా. కింది సి తీగ సంగతి ఏం చేయాలి?

స్ప్రూస్‌పిచ్చోడు
లైప్‌జిగ్‌లో ఉంటున్నా. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రాలు ఒక వర్క్‌షాపులో వయొలిన్ తయారీ నేర్చుకోవడం. ఇంతవరకు చేసినవన్నీ వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది). ఈసారి వయొలొంచెల్లో డా స్పల్లా (ఇటాలియన్‌లో భుజం చెల్లో) చేద్దామని స్ప్రూస్, మేపుల్ చెక్కలు కొని పెట్టుకున్నా.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇది చెల్లో శ్రుతిలోనే మోగే చిన్న వాద్యం. కాళ్ల మధ్య పెట్టుకోరు. మెడలో పట్టీ వేసుకుని, ఛాతీకి అడ్డంగా, కుడి భుజం వైపు ఆనించి వాయిస్తారు. నేను చేయబోయేది ఐదు తీగలది. కింద నుంచి సి, జి, డి, ఎ, ఇ. జర్మన్ స్వరకర్త బాఖ్ ఆరు చెల్లో సూట్‌లు (నాట్య బాణీల వరసలు) రాశాడు, అందులో ఆరోది ఐదు తీగల వాద్యానికి రాసిందే. నా పిచ్చంతా దాని కోసమే.

హాఫ్‌మన్ మోడల్ పెట్టుకున్నా. యోహాన్ క్రిస్టియన్ హాఫ్‌మన్ ఈ ఊళ్లోనే వాద్యాలు చేసినవాడు, బాఖ్‌కి సమకాలికుడు, ఇద్దరూ 1750లోనే పోయారు. ఆయన చేసిన ఐదు తీగల చిన్న వాద్యాలు ఇక్కడి యూనివర్సిటీ మ్యూజియంలో ఉన్నాయి, బ్రసెల్స్ మ్యూజియంలోనూ ఉన్నాయి. పెట్టె పొడవు 45 సెం.మీ. చిల్లర, పక్క చెక్కల ఎత్తు 8 సెం.మీ. దరిదాపుల్లో.

మా గురువుగారు రెండు మాటలన్నారు. ఒకటి, అంత పొట్టి తీగ మీద చెల్లో కింది సి పలకదు, బర్రుమంటుంది. రెండు, అసలు ఈ వాద్యం 2000 తర్వాత పుట్టిన ఫ్యాషన్, చరిత్ర కాదు. మొదటి మాట నిజమైతే చెక్క కొయ్యకముందే నాకు తెలియాలి. రెండోది నిజమైతే ఈ మేపుల్ ఎవరైనా కొంటారా?

గుంటూరుగిటార్
మేపుల్ ఎంతకిస్తావ్ బ్రో?

చెల్లోసుబ్బు
మీ గురువుగారి రెండో మాట పూర్తిగా కాకపోయినా ముప్పావు వంతు నిజం. నేను చెల్లో వాయిస్తాను కాబట్టి పక్షపాతం అనుకున్నా పర్లేదు.

ఇప్పుడు మనం చూస్తున్న స్పల్లా 2003-04 ప్రాంతంలో మొదలైంది. బెల్జియంలో సిగిస్వాల్ట్ కౌకెన్ అనే వయొలిన్ విద్వాంసుడు, ద్మీత్రి బదియారోవ్ అనే వయొలినిస్టు. బదియారోవ్ వాద్యాలు కూడా చేస్తాడు. ఆయన చేశాడు, కౌకెన్ వాయించారు, తర్వాత ఆరు సూట్‌లూ దాని మీదే రికార్డు చేశారు. అక్కణ్ణుంచి ర్యో తెరకాదో, సెర్గే మాలోవ్ లాంటి వాళ్లు అందుకున్నారు. వీళ్లందరిలో ఒక్క విషయం గమనించండి. అందరూ వయొలిన్ వాళ్లే. బాఖ్ సూట్‌లు మాకూ కావాలి అని ముందు అనుకుని, తర్వాత దానికి తగిన వాద్యం వెతుక్కున్నారని నా అనుమానం.

సూట్‌లకి బాఖ్ స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు. ఉన్నది భార్య అన్నా మగ్దలేనా రాసిన నకలు, కెల్నర్ అనే ఆయన 1726లో రాసిన నకలు, ఇంకా తర్వాతివి. అన్నా మగ్దలేనా ప్రతిలో ఉన్న మాట వయొలొంచెల్లో. భుజం ప్రస్తావన ఎక్కడా లేదు. ఆరో సూట్ దగ్గర ఐదు తీగలని ఉంది, అంతే. ఐదు తీగల చిన్న చెల్లోని కాళ్ల మధ్య పెట్టుకుని కూడా వాయించొచ్చు. ఆన్నెర్ బైల్‌స్మా అలాగే వాయించి రికార్డు చేశాడు.

వయోలావాసంతి
సుబ్బు గారూ, 2003లో మొదలైంది తయారీ. పేరు, పట్టుకునే పద్ధతి అప్పుడు పుట్టలేదు. బిస్మాంతోవా 17వ శతాబ్దం చివర్లో ఇటలీలో రాసిన సంగీత పాఠంలో వయొలొంచెల్లో డా స్పల్లా అనే పేరుతోనే ఉంది. మాథెసన్ అనే సంగీత రచయిత 1713లో హాంబుర్గ్‌లో రాస్తూ, దాన్ని పట్టీతో ఛాతీకి కట్టి కుడి భుజం మీద వేసుకుంటారని, పక్కవాద్యంగా బాగా చీల్చుకుని వినపడుతుందని చెప్పాడు. 1732లో వాల్టర్ నిఘంటువులోనూ అదే మాట. వాల్టర్ బాఖ్‌కి వరసకి అన్నదమ్ముడు, వైమార్‌లో ఒకే ఊళ్లో ఉన్నవాడు. దీన్ని ఫ్యాషన్ అంటే ఎలా?

నేను వాయించేది వయోలా. ఒక వర్క్‌షాప్‌లో స్పల్లా చేతికిచ్చారు, కాసేపు వాయించా. చేతివేళ్లు వయోలా లెక్కలోనే పడతాయి. చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య నాలుగో స్వరం దూరం అందుతుంది. పెద్ద చెల్లోలో అదే చేతికి అందేది మూడో స్వరమే. ఆరో సూట్‌లో సరబాండ్ అనే భాగంలో వరసగా వచ్చే రెండేసి స్వరాల జోడీలు నా చేతికి ఇబ్బంది లేకుండా వచ్చాయి. చెల్లో వాళ్లు అక్కడ బొటనవేలు తీగ మీద పెట్టి పడే పాట్లు చూశాను.

చెల్లోసుబ్బు
@వయోలావాసంతి సులువుగా వస్తోంది కాబట్టి అదే వాద్యం అంటే, సింథసైజర్ మీద ఇంకా సులువు.

వాల్టర్ మాట మాథెసన్ నుంచి ఎత్తి రాసిందే. ఒక సాక్షి మాటని రెండోవాడు నకలు చేస్తే ఇద్దరు సాక్షులు అయిపోరు కదా.

గుంటూరుగిటార్
కోర్టు సీను మొదలైంది. స్ప్రూస్ అన్న ముద్దాయి.

లెక్కలమాస్టారు
చరిత్ర మీరు చూసుకోండి. నేను మొదటి ప్రశ్నకి వస్తాను, ఎందుకంటే దానికి కాగితం మీద జవాబు ఉంది.

తీగ శ్రుతి మూడిటి మీద ఆధారపడుతుంది: పొడవు, బిగువు, మీటరుకి బరువు. పెద్ద చెల్లోలో మోగే పొడవు సుమారు 69 సెం.మీ. మీ స్పల్లాలో 42 అనుకుందాం. అదే శ్రుతి, అదే బిగువు కావాలంటే బరువు పొడవు వర్గానికి విలోమంగా పెరగాలి. 69ని 42తో భాగించి వర్గం చేస్తే 2.7. అంటే మీటరుకి బరువు రెండున్నర రెట్ల పైన.

అంకెల్లో చూద్దాం. బరోక్ శ్రుతి ఎ 415 హెర్ట్‌జ్ అయితే కింది సి సుమారు 61.7 హెర్ట్‌జ్. చిన్న వాద్యం కాబట్టి బిగువు 50 న్యూటన్లు, అంటే 5 కిలోల బరువు వేలాడదీసినంత. అప్పుడు తీగ మీటరుకి 18.6 గ్రాములు ఉండాలి. దీన్ని ఒట్టి పేగు తీగతో, అంటే గొర్రె పేగుతో చేసిన గట్ తీగతో సాధించాలంటే వ్యాసం 4.3 మి.మీ. వస్తుంది.

నిమ్మళంగా
4.3 మిల్లీమీటర్లా? అది తీగ కాదు మాస్టారూ, బావి చేంతాడు.

లెక్కలమాస్టారు
@నిమ్మళంగా అదే నేను చెప్పబోయేది. అంత లావు తీగ వంగదు. వంగని తీగలో పై స్వరాంశాలు (మూల స్వరంతో పాటు అదే తీగలో మోగే పై స్వరాలు) శ్రుతి తప్పుతాయి, కమాను వేస్తే నాదం పుట్టే లోపల స్వరం అయిపోతుంది. మీ గురువుగారు చెప్పిన బర్రు అదే. ఒట్టి పేగు తీగ విషయంలో ఆయన మాట నూటికి నూరు పాళ్లు కరెక్ట్.

కానీ పేగు మీద లోహపు తీగ చుడితే కథ మారుతుంది. పేగు సాంద్రత 1.3, వెండిది 10.5. లోపల 1 మి.మీ. పేగు, దాని మీద 0.5 మి.మీ. వెండి తీగ ఒత్తుగా చుట్టండి. మొత్తం వ్యాసం 2 మి.మీ. మీటరుకి 20 గ్రాములు దాటుతుంది. కావాల్సింది 18.6 కాబట్టి వెండి ఇంకాస్త సన్నమైనా సరిపోతుంది. చుట్టు తీగలు అప్పట్లో ఉన్నాయా అంటే ఉన్నాయి. లండన్‌లో ప్లేఫర్డ్ 1664లోనే వాటి గురించి ప్రకటన వేశాడు.

స్ప్రూస్‌పిచ్చోడు
మాస్టారూ, ఇది ప్రింట్ తీసి వర్క్‌షాపు గోడకి అంటిస్తున్నా.

ఒక అనుమానం. పైన ఇ తీగ సంగతేంటి? అంత కిందకీ ఇంత పైకీ ఒకే పొడవు సరిపోతుందా?

లెక్కలమాస్టారు
పై తీగకి ఇబ్బంది వేరే రకం, తెగిపోవడం. పేగు తీగ ఎంత సన్నం చేసినా సరే, శ్రుతిని పొడవుతో గుణిస్తే వచ్చే అంకె సుమారు 240 దాటితే తెగుతుంది (హెర్ట్‌జ్, మీటర్లలో). వ్యాసంతో సంబంధం లేదు, సన్నం చేస్తే బలమూ తగ్గుతుంది కాబట్టి.

415 శ్రుతిలో ఆ ఇ 311 హెర్ట్‌జ్. పెద్ద చెల్లో 0.69 మీటర్లతో గుణిస్తే 214. హద్దుకి చాలా దగ్గర, వాయించేవాడి కళ్లు భద్రం. మీ 0.42తో గుణిస్తే 130, ఏ టెన్షనూ లేదు. 0.85 మి.మీ. పేగు పెట్టండి.

అంటే ఐదో తీగ కావాలంటే వాద్యం చిన్నది కావాలి. ఇది లెక్క చెప్పే సంగతి. ఎంత చిన్నది, ఎక్కడ పెట్టుకోవాలి అనేది లెక్క చెప్పదు.

చెల్లోసుబ్బు
ఆ ఆఖరి వాక్యాన్ని పెద్దక్షరాల్లో రాయండి మాస్టారూ. 60 సెం.మీ. తీగతో కాళ్ల మధ్య పెట్టుకునే చిన్న చెల్లో అయితే మీ లెక్కలో 187. హాయిగా ఉంటుంది. సి తీగకి అంత వెండీ అక్కర్లేదు.

మంద్రస్థాయి
నేను వీణ మనిషిని, విజయనగరం. పాశ్చాత్య సంగీతం అంతంత మాత్రం. ఒకటి అడుగుతా. 42 అనే అంకె ఎక్కడిది? హాఫ్‌మన్ వాద్యాల మీద కొలిచిందా?

మా వైపు బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలో తొలుస్తారు కాబట్టి కుండ, దండి కొలతలు వందేళ్ల తర్వాత కూడా విడిపోవు. అతికిన మెడ అలా కాదేమో అని నా అనుమానం.

బిరడ
మంచి చోట పట్టుకున్నారు మంద్రస్థాయి గారూ.

నాది వాద్యాల రిపేర్ల పని, చెన్నైలో. పాత యూరప్ వయొలిన్లు చాలానే చేతికొస్తాయి, మన కచేరీ విద్వాంసుల దగ్గర తాతల కాలం నాటివి ఉంటాయి కదా. బరోక్ కాలం వాద్యం ఏదైనా సరే, మెడ మొదటిదే ఉండటం అరుదు. 19వ శతాబ్దంలో దాదాపు అన్నిటికీ మెడ మార్చి, పొడుగు చేసి, వెనక్కి వాల్చి అతికారు. లోపలి బేస్ బార్ (పై పలక కింద అంటించే చెక్క బద్ద) కూడా లావుది వేశారు. హాఫ్‌మన్ పెట్టె కొలత నమ్మొచ్చు. తీగలు ఆనే బ్రిడ్జి ఎక్కడ నిలబెట్టాడు, మెడ ఎంత పొడుగు అనేది పెట్టెని బట్టి ఊహించాల్సిందే. స్ప్రూస్ తమ్ముడు చేసేది కాపీ అనుకుంటే తప్పు. సగం కాపీ, సగం మన తీర్పు.

పెట్టె చిన్నది, పక్క చెక్కలు ఎత్తు. వయొలిన్‌కి 3 సెం.మీ., చెల్లోకి 11-12, దీనికి 8. ఆ ఎత్తే దీని ప్రాణం. లోపలి గాలి పెరిగితేనే కింది స్వరాలకి కాస్త ఊపిరి. మోయడానికి బరువనో, అందంగా లేదనో పక్కలు తగ్గించావా, ఇక లావు వయోలా అయి కూర్చుంటుంది.

గుంటూరుగిటార్
మేపుల్ ఇక నాకు రాదని అర్థమైంది.

వయోలావాసంతి
@చెల్లోసుబ్బు కాంటాటాల సంగతి మీరు దాటేశారు. 1724-26 మధ్య బాఖ్ లైప్‌జిగ్‌లో రాసిన కొన్ని కాంటాటాల్లో (చర్చి గాన రచనల్లో) వయొలొంచెల్లో పికోలో (చిన్న చెల్లో) అనే వాద్యానికి సోలోలు ఉన్నాయి. 1725 జనవరి 1కి రాసిన కాంటాటాలో (బాఖ్ రచనల జాబితాలో బి.డబ్ల్యు.వి. 41) ఆ సోలో మొదటి వయొలిన్ వాయించేవాడి కాగితాల్లోనే రాసి ఉంది. చెల్లో వాడి కాగితాల్లో కాదు. కాళ్ల మధ్య పెట్టుకునే వాద్యమైతే వయొలిన్ వాడి ముందు ఎందుకు పెట్టారు? వయొలిన్ దింపి, దీన్ని మెడలో వేసుకుని వాయించాడనేది సూటి సమాధానం.

కొడుకు సి.పి.ఇ. బాఖ్ 1774లో రాసిన ఉత్తరంలో తండ్రికి వయోలా వాయించడం ఇష్టమని, వయొలిన్ ముసలితనం దగ్గరపడే దాకా చక్కగా వాయించారని ఉంది. అలాంటి మనిషి చేతికి ఏ వాద్యం దగ్గర?

చెల్లోసుబ్బు
కాంటాటా సాక్ష్యం బలమైనదే, కాదనను. అది కాంటాటాలకి సాక్ష్యం. సూట్‌లు అంతకుముందు కోథెన్ అనే ఊళ్లో ఉన్నప్పుడు రాసినవని చాలామంది అభిప్రాయం, బాఖ్ అక్కడ ఉన్నది 1717 నుంచి 1723 దాకా. హాఫ్‌మన్ లైప్‌జిగ్ మనిషి. కోథెన్‌లో బాఖ్ ఏ ఐదు తీగల వాద్యం చూశాడో చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటా.

వయోలా పొంపోజా కథ కూడా ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి ముందే చెప్తున్నా. బాఖ్ ఆ పేరుతో వాద్యం కనిపెట్టాడని గెర్బర్ తన సంగీత నిఘంటువులో రాశాడు. ఎప్పుడు? 1790లో. బాఖ్ పోయి 40 ఏళ్లు. బాఖ్ రాసిన స్వరపత్రాల్లో ఎక్కడా వయోలా పొంపోజా అన్న పేరే లేదు. బాఖ్ కాలపు స్వరకర్త టెలెమాన్ 1728లో ఆ పేరుతో ఒకటి అచ్చు వేశాడు, దాన్ని మామూలు వయొలిన్ మీద కూడా వాయించొచ్చని తనే రాశాడు.

నిమ్మళంగా
పొంపోజా, పికోలో, స్పల్లా మూడూ ఒకటేనా వేర్వేరా? ఎవరైనా ఒక్క ముక్కలో చెప్పండి.

వయోలావాసంతి
ఒక్క ముక్కలో కుదరదు. అప్పట్లో పేర్లు ఊరికొకటి. వయొలొంచెల్లో అన్న మాటే అచ్చులో మొదట కనిపించేది 1665లో, దానికి ముందూ వెనకా అదే రకం వాద్యానికి నాలుగైదు పేర్లు. పేరు పట్టుకుని వాద్యం వెతికితే దొరకదు. మ్యూజియంలో ఉన్న పెట్టె పట్టుకుని వెళ్లాలి, స్ప్రూస్ చేస్తున్నది అదే.

మోడరేటర్
వీణ దుంగల మీద వచ్చిన నాలుగు పోస్టులు వీణ విభాగంలోకి మార్చాను. సితార్ కన్నా వీణ గొప్పా అన్న చర్చ కూడా అక్కడే చేసుకోండి. ఇక్కడ స్పల్లా మాత్రమే.

మంద్రస్థాయి
మార్చింది నావే మూడు. ధన్యవాదాలు, అక్కడ ఇంకా బాగా గొడవ జరుగుతోంది.

రాగిచుట్టు
లెక్కలమాస్టారి సి తీగ మీద నా మాట. నేను ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటా, బరోక్ చెల్లో వాయిస్తా, నా తీగల్లో కొన్ని నేనే చుట్టుకుంటా.

వెండి ఒత్తుగా చుట్టిన తీగ అప్పుడే పుట్టిందా లేక వేరే మార్గం ఉందా అనే దాని మీద గొడవ ఉంది. ఇటలీ విచెంజాలో మిమ్మో పెరూఫో అనే తీగల పరిశోధకుడు, ఆక్విలా కంపెనీ ఆయన, చాలా ఏళ్లుగా ఒక వాదన చేస్తున్నాడు. చుట్టు తీగల కన్నా ముందే పేగుకి బరువైన లోహపు పొడి పట్టించి తీగని బరువెక్కించేవారని. ఆధారాలు ఏంటంటే, పాత ల్యూట్‌ల (వేళ్లతో మీటే యూరప్ వాద్యాల) బ్రిడ్జిలో మంద్ర తీగల రంధ్రాలు చాలా సన్నవి, అంత కింది శ్రుతికి కావాల్సిన ఒట్టి పేగు అందులో పట్టదు. పాత చిత్రాల్లో కింది తీగలు ఎర్రగా, ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. అందరూ ఒప్పుకోలేదు. అప్పటి బరువు తీగ ముక్క ఒక్కటి దొరికితే చర్చ అయిపోయేది.

నేను చెప్పేది, స్పల్లా విషయంలో ఆ గొడవలోకి దిగక్కర్లేదు. 1720ల నాటికి చుట్టు తీగలు ఉన్నాయి. వెండి కానీ, వెండిపూత రాగి కానీ వాడు. జి తీగకి కూడా చుట్టు కావాలి, మర్చిపోకు. మధ్యలో డి దగ్గర అసలు తలనొప్పి. ఒట్టి పేగైతే మొద్దు, ఒత్తుగా చుడితే పక్కనున్న ఎ తీగ నాదంతో కలవదు. పాతకాలంలో దీనికి ఎడంగా చుట్టేవారు. లోహపు చుట్టుకీ చుట్టుకీ మధ్య ఖాళీ వదిలి. వేలికి గరుకుగా తగులుతుంది, కానీ నాదం రెండిటి మధ్యలో ఉంటుంది.

లెక్కలమాస్టారు
@రాగిచుట్టు డి 138.6 హెర్ట్‌జ్, బిగువు 50 న్యూటన్లు అనుకుంటే మీటరుకి 3.7 గ్రాములు. ఒట్టి పేగు 1.9 మి.మీ. మీ మాట అంకెల్లో కూడా నిలబడుతోంది, మొద్దుదనం అక్కడే మొదలవుతుంది.

చెల్లోసుబ్బు
ఇంతకీ ఇప్పటి స్పల్లా వాయించేవాళ్లలో పేగు తీగలు వాడేది ఎంతమంది? చాలామందివి సింథటిక్ మీద టంగ్‌స్టన్ చుట్టినవి. టంగ్‌స్టన్ సాంద్రత 19.3, వెండికి దాదాపు రెట్టింపు. దాంతో సి పలికించి, చూశారా బాఖ్ వాద్యం ఎంత బాగా పలుకుతోందో అంటే నేను నమ్మాలా? టంగ్‌స్టన్‌ని లోహంగా వేరుచేసిందే 1783లో.

నా అభ్యంతరం వాద్యం మీద కాదు, ఆ ప్రచారం మీద.

బిరడ
దీనికి మాత్రం సుబ్బు గారికి నా ఓటు. పెట్టె మ్యూజియం కొలత, తీగ ఇవాళ్టిది, పలికిన నాదానికి 1725 అని లేబులు. కచేరీకి పనికొస్తే వాడుకో, ఎవరు కాదన్నారు. లేబులే అబద్ధం.

వయోలావాసంతి
ఒప్పుకోను. పెద్ద చెల్లో వాయించే బరోక్ బృందాల్లో ఎంతమంది పూర్తి పేగు తీగలతో వాయిస్తున్నారు? వాళ్ల లేబుల్ ఎవరూ తియ్యరు. కొత్తగా వచ్చినవాళ్లనే సర్టిఫికెట్ అడుగుతారు.

చెల్లోసుబ్బు
అడుగుతా, వాళ్లనీ అడుగుతా. నా తీగలు పేగువే, కావాలంటే వచ్చి చూసుకోండి. వానాకాలంలో మధ్య మధ్యలో శ్రుతి చేసుకుంటూ కూర్చునే ఖర్మ నాకుంది.

స్ప్రూస్‌పిచ్చోడు
మీరంతా కొట్టుకుంటుంటే నేను మ్యూజియంకి వెళ్లొచ్చా. అద్దాల పెట్టె బయట నుంచే చూశా. మెడ కొత్తదని చూడగానే తెలుస్తోంది, మెడ చెక్క రంగుకీ తల చెక్క రంగుకీ తేడా ఉంది. బిరడ గారు అన్నదే.

ఇంకో సంగతి. అద్దం పక్క నుంచి చూస్తే వెనక పలక అంచు ఒక చోట అరిగినట్టుంది. పట్టీ రాపిడా, మోకాలి రాపిడా, మూడొందల ఏళ్లలో ఇంకేదైనానా అన్నది నేను చెప్పలేను, చెప్పను. సుబ్బు గారు మోకాలంటారు, వాసంతి అక్క పట్టీ అంటారు.

వయోలావాసంతి
పట్టీ.

చెల్లోసుబ్బు
మ్యూజియం వాడు దుమ్ము తుడిచిన గుడ్డ.

నిమ్మళంగా
😂😂 ఈ థ్రెడ్‌కి ఇది చాలు, మూసేయండి.

గుంటూరుగిటార్
సీరియస్‌గా ఒక ప్రశ్న. కమాను ఏది వాడతారు? వయోలాదా చెల్లోదా?

రాగిచుట్టు
రెండూ కాదు. 2 మి.మీ. తీగని కదిలించాలంటే వయోలా కమానుకి బరువు చాలదు. చెల్లో కమాను పొడవు, బరువు ఛాతీ మీద అడ్డంగా తిప్పడానికి వీలవదు. వయోలా కన్నా బరువైన, పొట్టి బరోక్ కమాను చేయించుకుంటారు. వెంట్రుకలు కూడా కాస్త ఎక్కువ, కమానుకి రుద్దే రోజిన్ మెత్తనిది. సి పలకడం లేదని ఏడ్చేవాళ్లలో సగం మంది గొడవ తీగతో కాదు, కమానుతో.

ఇంకోటి. కింది సి మూల స్వరం ఈ పెట్టెలో నిజంగా గట్టిగా రాదు. పెద్ద చెల్లోలో కూడా అది (ఇప్పటి శ్రుతిలో 65 హెర్ట్‌జ్) పెట్టెలోని గాలి ప్రతిధ్వని కన్నా కిందే ఉంటుంది. మనం వినేది ఎక్కువగా దాని పై స్వరాంశాలు, మిగతాది చెవి పూరించుకుంటుంది. స్పల్లాలో అది ఇంకా ఎక్కువ. అందుకే తీగ మెత్తగా వంగాలి, పై స్వరాంశాలు శ్రుతిలో ఉంటేనే చెవి మోసపోతుంది.

స్ప్రూస్‌పిచ్చోడు
సరే, నా తీర్మానం చెప్తున్నా, తప్పుంటే ఇప్పుడే తిట్టండి.

పెట్టె, పక్కలు హాఫ్‌మన్ కొలత, మిల్లీమీటరు కూడా మార్చను. మోగే పొడవు 42 కాకుండా 43 వచ్చేలా మెడ పెడతా. సి, జి వెండి చుట్టు, డి ఎడం చుట్టు, ఎ, ఇ ఒట్టి పేగు. శ్రుతి 415. కోథెన్ శ్రుతి 392 దగ్గర ఉండేదన్న వాదన చదివా. ఆ జోలికి పోను, సి ఇంకా కిందకి పోతుంది.

లోపల అంటించే లేబుల్ మీద నా పేరు, సంవత్సరం, హాఫ్‌మన్ మాదిరి అని మాత్రం రాస్తా. బాఖ్ పేరు రాయను. సుబ్బు గారికి శాంతి.

లెక్కలమాస్టారు
43కి సి తీగ మీటరుకి 17.8 గ్రాములు చాలు. వెండి 0.45కి దించండి.

చెల్లోసుబ్బు
శాంతే. పూర్తయ్యాక ఆరో సూట్ ఆఖరి భాగం గిగ్ రికార్డ్ చేసి పెట్టు. మొదటి భాగం ప్రెల్యూడ్ వద్దు, అది అందరూ పెడతారు.

బిరడ
తిట్టేది ఒక్కటుంది. వరస తిరగేశావు తమ్ముడూ. మెడ అతికాక తీగలు చేయించడం కాదు. ముందు రాగిచుట్టు గారి చేత సి తీగ చేయించు. అది చేతికొచ్చాక బ్రిడ్జి గాడి, మెడ పైనున్న నట్టు గాడి, బిరడ రంధ్రం దాని లావుకి తగ్గట్టు వెయ్యి. 2 మి.మీ. తీగ మామూలు వయోలా బిరడ రంధ్రంలో దూరదు. దూర్చాలని రంధ్రం పెద్దది చేస్తే బిరడ అక్కడే విరుగుతుంది. తీగ చివర చుట్టు వదిలేసి పేగు మాత్రమే బిరడలోకి వెళ్లేలా చేయమని చెప్పు.

ఐదు బిరడలకి తల పెట్టె పొడుగు చాలదు, అది కూడా ముందే గీసుకో. రెండు ఎడమ, మూడు కుడి. సి తీగ బిరడ నట్టుకి మరీ దగ్గర పెట్టకు, లావు తీగ అంత చప్పున వంగదు.

చర్మపు జిగురు శీతాకాలం చల్లటి గదిలో తొందరగా గడ్డకడుతుంది. చెక్కని కాస్త వెచ్చబెట్టి అతుకు. నాకు ఇక్కడ మే నెలలో దీనికి పూర్తిగా ఎదురు కష్టం, ఎప్పటికీ ఆరి చావదు.

రాగిచుట్టు
వెండి తీగ నా దగ్గర 0.45 ఉంది. చిరునామా ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టు. సి రెండు చుడతా, మొదటిది ఎలాగూ బిగించేటప్పుడు పాడుచేస్తావు.

గుంటూరుగిటార్
మిగిలిన మేపుల్ ముక్కలైనా...

స్ప్రూస్‌పిచ్చోడు
@గుంటూరుగిటార్ పక్క చెక్కలకి వంచడంలో సగం విరుగుతాయి. పోస్టు ఖర్చు నీదైతే అవి పంపిస్తా.